ఒక్కసారి తల పైకెత్తి చూద్దాం



మనలో చాలామంది రాత్రి పడుకునే ముందు ముల్క్ సూరా పారాయణం చేస్తాం. పైన రెక్కలు చాస్తూ ముడుస్తూ ఎగిరే పక్షులను గమనించమని అందులోని 19వ ఆయతు మనల్ని అడుగుతుంది. నాలుక చదువుతుంది, మరి కళ్ళ సంగతేమిటి? ఆ పక్షులను ఎన్నడైనా తీరికగా చూశామా?

చలికాలంలో ఒక ఆదివారం ఫజ్ర్ నమాజు ముగించుకొని మేము కొందరం మేడ్చల్ నుండి శామీర్‌పేట చెరువు వైపు బయలుదేరాం. దారిలో కోతలైన పొలాలు, గడ్డి బీళ్ళు. కరెంటు తీగపై ఒక చిన్న గద్ద కూర్చొని ఉంది. తెల్లని ఒళ్ళు, నల్లని భుజాలు, ఎర్రని కళ్ళు. దాన్ని అడవి రామదాసు అంటారు. అది లేచి గాలిలో ఒకేచోట నిలిచి రెక్కలాడించింది. గడ్డిలోకి దిగి ఉత్త కాళ్ళతో లేచింది. రెండోసారీ అంతే. మూడోసారి ఎలుక దొరికింది.

అల్లాహ్‌పై భరోసా ఎలా ఉండాలో చెబుతూ దైవప్రవక్త (స) పక్షినే ఉదాహరణగా చూపారని తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. ఉపాధి ఇచ్చేవాడు అల్లాహ్‌యే. అయినా పక్షి గూడు వదిలి బయలుదేరుతోంది. రెండుసార్లు తప్పినా మూడోసారి ప్రయత్నిస్తోంది. ఒక్క వ్యాపారం దెబ్బతింటే, ఒక్క ఉద్యోగం రాకపోతే నిరాశపడే మనకు ఇందులో పాఠం లేదా?

కాస్త దూరంలో పిల్లి గద్ద ఒకటి గడ్డిని తాకుతున్నట్లు తక్కువ ఎత్తులో ఎగురుతోంది. కజకిస్తాన్ వంటి మధ్య ఆసియా గడ్డి మైదానాల నుండి ఈ పక్షులు ఏటా మన దేశానికి వలస వస్తాయి. మిడతలను, ఎలుకలను తింటాయి. రాత్రి గడ్డిలో నేలమీదే నిద్రిస్తాయి. మూటాముల్లె లేని ఈ అతిథి అడిగేది కాస్త బీడు భూమి మాత్రమే. ఆ బీళ్ళలోనే ప్లాట్ల హద్దురాళ్ళు కనిపించాయి.

పక్షులు కూడా మనలాంటి సముదాయాలేనని అన్ఆమ్ సూరా 38వ ఆయతు తెలుపుతోంది. వాటి పట్ల మన ప్రవర్తన ఎలా ఉంది? రాబందుల సంగతే చూడండి. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ మందు, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. 1990ల నుండి కొద్ది సంవత్సరాలలోనే దేశంలో మూడు జాతుల రాబందులు నూటికి తొంభైకి పైగా నశించాయి. 2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందును నిషేధించింది. ఎవరూ రాబందులను చంపాలనుకోలేదు. ఎవరూ తల పైకెత్తి చూడలేదు, అంతే!

ఎలుకల మందు విషయమూ ఇలాంటిదే. విషం తిన్న ఎలుకను గద్ద తింటే ఆ విషం గద్దకూ చేరుతుంది. కనుక చచ్చిన ఎలుకలను బయట పారవేయక పూడ్చిపెడదాం. పిల్లల చేతికి గాజుపొడి పూసిన మాంజా ఇవ్వకుండా ఉందాం. అది గాలిలో ఎగిరే గద్ద రెక్కలను కోస్తుంది. భూమి మనకు సొంత ఆస్తి కాదు, అమానతు. అమానతు గురించి రేపు తీర్పుదినాన ప్రశ్న తప్పదు.

ఈ రాత్రి ముల్క్ సూరా చదివితే, రేపు ఉదయం ఒక్కసారి తల పైకెత్తి చూద్దాం. చూసి నేర్చుకునే కళ్ళను, కనికరించే హృదయాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.