జంట సంచుల కాయకము

శ్రీ గురు బసవలింగాయ నమః



నేటి మన ప్రసంగ విషయమును విని కొందరు నవ్వుకొనవచ్చును. ధర్మపత్రికలో సైకిలు సంచి ముచ్చట యేల యని అడుగవచ్చును. అట్టివారు ఒక్కమాట ఆలోచింపవలెను. 12వ శతాబ్దమున కల్యాణ నగరమందు బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులెవరు? పడవ నడుపు చౌడయ్య, బట్టలుతుకు మాచయ్య, త్రాడు పేను చందయ్య, చెప్పులు కుట్టు హరళయ్య. అనుభవ మంటపమున వారి తత్త్వము ఎంత గౌరవము పొందెనో, వారి చేతిపని కూడ అంత గౌరవము పొందెను. కావున చెమటోడ్చి బ్రతుకువాని భారమును గూర్చిన మాట మనకు చిన్నమాట కాజాలదు.

కొత్తగూడెము బొగ్గు పట్టణము. 1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమునందలి సింగరేణి గ్రామము దగ్గర బొగ్గు పొరలను గుర్తించెను. ఆ గ్రామము పేరనే 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. నేడు దాని ప్రధాన కార్యాలయము కొత్తగూడెమునందే కలదు. ఇటు కొత్తగూడెము, మణుగూరు మొదలుకొని అటు రామగుండము, గోదావరిఖని వరకు గోదావరి లోయలో భూమి కడుపున బుట్టిన బొగ్గును బెల్టులు, డంపరులు, రైలు పెట్టెలు మోయుచున్నవి. పెద్ద భారములకు ఇన్ని యంత్రములు కలవు. కాని పాల కేనులకు, ఆకుకూరల కట్టలకు, ఇంటింటికి తిరిగి అమ్ముకొను చిన్నచిన్న సరకులకు నేటికిని పేదవానికి సైకిలే ఆధారము.

మాకు తెలిసిన ఒక సోదరుడు ఈ పట్టణమున కూరగాయలమ్మి నలుగురిని పోషించుచున్నాడు. ఆయన చాలకాలము సైకిలు హ్యాండిలుకు ఇరువైపుల చేతిసంచులు తగిలించుకొని తిరిగెడివాడు. ఒకనాడు వంకాయలతో నిండిన సంచి ఊగి, దాని పిడి ముందు చక్రపు పుల్లలలో చిక్కుకొనెను. చక్రము ఆగిపోయెను, మనిషి ముందుకు పడెను. ముంజేతి ఎముక విరిగినది. రెండు నెలలు ఆయనకు సంపాదన లేదు. పరామర్శకు వెళ్లినప్పుడు ఆ యిల్లాలు, "సంచి ఎక్కడ తగిలించవలెనో తెలియక ఇంత జరిగినదండీ" అని కన్నీరు పెట్టుకొన్నది. ఆ మాట మమ్ము నిలువనీయలేదు. ప్రమాదమునకు కారణము విధి యని చెప్పి లేచివచ్చుట సులభము. కాని తెలివితో తప్పింపదగిన కష్టమును విధికి అంటగట్టుట శరణమార్గము కాదు.

ఆలోచించి చూచినచో ఉపాయము మన పూర్వులయొద్దనే కలదు. ఎద్దు వీపున ఇరువైపుల సమముగా వ్రేలాడు జంట గోనెను మనవారు కంట్లమనిరి, పెరిక యనిరి. రైలు రాకపూర్వము లంబాడీల బిడారులు ఉప్పును, ధాన్యమును ఇట్టి గోనెలలోనే దేశదేశములకు చేర్చినవి. ఎద్దు కొమ్ములకు మూట కట్టినవాడు ఎవడును లేడు. మరి సైకిలు కొమ్ముల వంటి హ్యాండిలుకు మనమేల కట్టవలెను? పాలవారిని చూడుడు. వెనుక చక్రమునకు ఇరుప్రక్కల, నేలకు దగ్గరగా, సమముగా కేనులు వ్రేలాడదీయుదురు. భారము క్రిందుగను, ఇరువైపుల సరిగను ఉన్నప్పుడు బండి తూలదు. ముందు చక్రము చేతి మాట వినును. బసవ యను పేరే వృషభ శబ్దమునుండి వచ్చినది. పాల్కురికి సోమనాథుని బసవపురాణము బసవేశ్వరుని నందికేశ్వరుని అవతారముగా వర్ణించినది. మోయుట నంది స్వభావము. తూలకుండ మోయుట నంది మనకు నేర్పు పాఠము.

చేయి అతుకుకొన్న పిదప ఆ సోదరుడు తన జంట సంచులను తానే కుట్టుకొనెను. ఆ విధానమును విన్నవించుచున్నాను, శ్రద్ధగా వినుడు.

50 కిలోల సిమెంటు వచ్చు అల్లిక సంచులు నాలుగు కావలెను. ఇండ్లు కట్టుచోట అడిగినచో ఊరకనో, స్వల్ప వెలకో లభించును. ముక్కునకు గుడ్డ కట్టుకొని, పిల్లలను దూరముగా నుంచి, ఆరుబయట వానిని దులిపి, రెండు మూడు నీళ్లలో కడిగి ఆరవేయవలెను. సిమెంటు పొడి కన్నులకును చర్మమునకును హాని చేయును. పురుగుమందు వచ్చిన సంచులను, డబ్బాలను ఎంత కడిగినను వాడరాదు. తినెడు వస్తువులు మోయు సంచిలో విషపు జాడ ఉండరాదు.

సంచిలో సంచి దూర్చినచో రెండు పొరలగును. అడుగు మూలలను మడిచి కుట్టి, సుమారు 35 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందము గల పెట్టె ఆకారము తేవలెను. ఎత్తు 40 సెంటీమీటర్లు చాలును. పైన మిగిలిన భాగమును కోసివేయక మూతగా మడువవచ్చును. కోసిన అంచులు పోగులు ఊడిపోవును గాన రెండు వ్రేళ్ల వెడల్పున మడిచి, దబ్బనముతోను నైలాన్ దారముతోను కుట్టవలెను. చక్రము వైపున లోపల ఒక పాత ప్లైవుడ్ ముక్కనో, పగిలిన ప్లాస్టిక్ డబ్బానుండి కోసిన పలకనో నిలిపి కట్టవలెను. ఈ పలక లేనిచో నిండిన సంచి ఉబ్బి చక్రపు పుల్లలలోనికి పోవును. అప్పుడు హ్యాండిలు ప్రమాదము వెనుకకు మారుటయే గాని తొలగుట కాదు.

రెండు సంచులను కలుపుటకు నాలుగు వ్రేళ్ల వెడల్పు గల గట్టి పట్టీలు రెండు కావలెను. అవి కేరియరుపై అడ్డముగా పడి, కంట్లము ఎద్దు వీపున నిలిచినట్లు సంచులను నిలుపును. ప్రతి సంచి అడుగును కేరియరు కాలికి పాత ట్యూబు ముక్కతో బిగించి కట్టవలెను. లేనిచో గతుకులలో సంచి ఎగిరిపడును. బయలుదేరుటకు ముందు పెడలును ఒక చుట్టు త్రిప్పి, మడమ సంచికి తగులకుండునట్లు దానిని వెనుకకు జరుపవలెను. రాత్రి కనబడు వెనుక ఎర్ర బిళ్లను సంచి కప్పరాదు. వానకు, వాడి పారవేసిన ఫ్లెక్సీ గుడ్డ మంచి తొడుగగును. దైవచిత్రములు గల దానిని మాత్రము కాలు తగులుచోట వాడకుడు. ప్రక్కకు 8, 10 కిలోలకు మించక, బరువైన వస్తువు అడుగున ఉండునట్లు, ఇరువైపుల సమముగా సర్దుకొనవలెను. ఎండకు ఈ అల్లిక పెళుసుబారును గాన అప్పుడప్పుడు పరీక్షించి, పిగిలిన దానిని మార్చుచుండవలెను.

ఇందలి ధర్మమేమి? నులియ చందయ్య కథను స్మరింపుడు. గడ్డి కోసి త్రాళ్లు పేని అమ్మి, వచ్చిన దానితో జంగమ దాసోహము చేయుట ఆయన కాయకము. ఒకనాడు గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీట పడెను. కాయకము తప్పునను భయముతో చందయ్య గడ్డిమోపును ఎత్తుకొని సాగిపోయెను. లింగమే ఆయన వెంట వచ్చెనని శరణుల కథలు చెప్పుచున్నవి. ఇది లింగమునకు లోటు చెప్పు కథ కాదు. నిష్ఠతో పనిచేయు చేతిని శివుడు విడువజాలడని చెప్పు కథ. దారిప్రక్క గడ్డి చందయ్య చేత దాసోహ సాధనమైనట్లే, చెత్తకుప్పకు పోవలసిన సంచి నేడొక కుటుంబమునకు అన్నసాధనమగుచున్నది.

మరియొక ముచ్చట. పట్టీలు వెదకుచున్నప్పుడు ఒక మిత్రుడు తాను పనిచేయుచోటునుండి మంచి బెల్టు ముక్కను తెచ్చి ఆ సోదరునకిచ్చెను. ఇల్లాలు దానిని చేతబట్టి, "ఇది ఎవరినడిగి తెచ్చినారు?" అని ప్రశ్నించెను. "పనికిరాక పడియున్నదే" యని సమాధానము. "పడియున్నదైనను దానికొక యజమాని కలడు గదా. అడిగి తెండి, లేదా తిరిగి ఇచ్చి రండి. దీనిమీద మోసిన కూర మన పిల్లలకు అరుగదు" అని ఆమె పలికెను. ముక్క తిరిగి వెళ్లినది. సైకిలు మరమ్మతు దుకాణదారు పనికిరాని ట్యూబులను సంతోషముతో ఇచ్చెను. వానిని మూడు పొరలుగా పేర్చి కుట్టిన పట్టీలు నేటికిని నిలిచియున్నవి.

ఈ మాట విన్నప్పుడు మాకు ఆయ్దక్కి లక్కమ్మ జ్ఞప్తికి వచ్చెను. రాలిన బియ్యపు గింజలనేరి తెచ్చి దాసోహము నడపిన దంపతులు మారయ్య, లక్కమ్మలు. ఒకనాడు మారయ్య నిత్యముకంటె అధికముగా బియ్యము తేగా, ఆ అధికమును అక్కడనే విడిచి రమ్మని లక్కమ్మ వెనుకకు పంపెను. పారవేసిన దానిని ఏరుకొనుట తప్పు కాదు, అది కాయకమే. కాని అడుగక తీసికొన్నది, అవసరమునకు మించినది కాయకమును మలినము చేయును. భారము విషయమునను ఇదే నీతి. జార్ఖండ్ బొగ్గు ప్రాంతములలో 200 కిలోలకు మించిన బొగ్గును సైకిలుపై కట్టి, త్రొక్కలేక తోసుకొనుచు కొండదారులెక్కు కూలీలున్నారు. అది వారి ఆశ కాదు, ఆకలి. అట్టి గతి మన పొరుగువానికి పట్టకుండ చూచుట సమాజ ధర్మము. పట్టని మనమే అత్యాశతో బండిని క్రుంగదీయుట అధర్మము.

కావున మా మనవి యిది. వైశాఖ శుద్ధ తదియనాడు బసవ జయంతి జరుపుకొందుము. ఆ దినమున మఠములలో, ఇండ్లలో పూజానంతరము ఒక గంట కూర్చుండి, ప్రతి కుటుంబమును ఒక జత సంచులు కుట్టవలెను. తల్లులకు కుట్టు తెలియును, పిల్లలకు కొలతలు తెలియును, పెద్దలకు ముడులు తెలియును. ఖర్చు దారమునకే. తనకు సైకిలున్నవాడు ఒక జత తాను వాడుకొని, రెండవ జతను హ్యాండిలుకు సంచులు తగిలించుకొని పోవు ఏ కులమువానికైనను, ఏ మతమువానికైనను ఇచ్చి, కట్టి చూపవలెను. దాసోహమనగా వడ్డించుట మాత్రమే కాదు, అన్నము సంపాదించు చేయి విరుగకుండ కాచుటయు దాసోహమే.

ఆ సోదరుడు నేడును తెల్లవారక మునుపే మా వీధిన వచ్చుచున్నాడు. హ్యాండిలుపై ఆయన రెండు చేతులు తప్ప మరేమియు లేదు.

శరణు శరణార్థి.