ఈ లారీ ఆ లారీయేనా?

"అరవై ఏడు మోడల్ సార్, ఒరిజినల్" అంటారు బ్రోకర్లు, పాత టాటా-మెర్సిడెస్ బెంజ్ లారీ ఏదన్నా చూపించేటప్పుడు. అందులో ఏ భాగం 1967 నాటిదో ఒక్కొక్కటే అడిగి చూడండి. టైర్లు కావు, అది అడగాల్సిన ప్రశ్నే కాదు. కమాన్ కట్టల్లో పట్టీలు విరిగినప్పుడల్లా మార్చారు. ఇంజన్‌కి రెండుసార్లు బోరింగ్ చేయించారు, మూడోసారి కుదరక ఇంకో బండి ఇంజన్ ఎక్కించారు. గేర్ బాక్స్ ఎక్కడిదో ఎవరికీ గుర్తులేదు. క్యాబిన్ చెక్క పుచ్చిపోతే మళ్ళీ కట్టించారు, వెనక తొట్టి అంతకంటే కొత్తది. చివరికి మిగిలేవి రెండు పొడవాటి ఇనుప దూలాలు. వాటిని లాంగ్ మెంబర్లంటారు. వాటిల్లో ఒకదాని మీద గుద్దిన కొన్ని అక్షరాలు, అంకెలు. "అదే కదా సార్ బండంటే" అని ముగిస్తారు.

నిజంగా అదేనా? తత్వశాస్త్రం చదువుకున్నవాళ్ళకి ఇది పాత ప్రశ్నే. థీసియస్ ఓడని ఏథెన్స్ వాళ్ళు దాచుకున్నారనీ, పుచ్చిన చెక్క తీసేసి కొత్త చెక్క వేస్తూ పోయారనీ, చివరికి అది అదే ఓడా కాదా అని తత్వవేత్తలు వాదించుకునేవాళ్ళనీ ప్లూటార్క్ రాశాడు. క్లాసులో ఈ ఉదాహరణ చెప్తే అందరూ నవ్వి, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పి ఇంటికెళ్ళిపోతారు. ఓడ కొనాల్సిన పని ఎవరికీ లేదు కాబట్టి. నేనూ, నా స్నేహితుడూ కలిసి ఇలాంటి లారీ ఒకటి కొని బాగుచేద్దామని ఏడాదిగా తిరుగుతున్నాం. మనం ఇచ్చే డబ్బు దేనికి ఇస్తున్నామో తెలియాల్సి వచ్చినప్పుడు ఆ ప్రశ్న బరువు వేరు.

మన దగ్గర దీనికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 'మిళింద పన్హ'లో నాగసేనుడు రాజు మిళిందుణ్ణి అడుగుతాడు, నువ్వు దేని మీద వచ్చావని. రథం మీద అంటాడు రాజు. ఇరుసు రథమా? కాదు. చక్రాలా? కావు. కాడి? పగ్గాలు? ఏదీ కాదు. అన్నీ కలిపితేనా? అదీ కాదు. అవి లేకుండా వేరే ఏదన్నా ఉందా? లేదు. మరి రథమెక్కడుంది రాజా అంటాడు. 'రథం' అనేది ఆ భాగాల్ని ఆధారం చేసుకుని మనం వాడుకునే పేరు మాత్రమేనని తేలుస్తారు. ఓడ కథ కంటే నాకు ఇదే నచ్చుతుంది, ఎందుకంటే ఇక్కడ ఒక్క చెక్కా మార్చలేదు. రథం నిన్న కారఖానాలోంచి వచ్చినా నాగసేనుడి ప్రశ్న అలాగే ఉంటుంది.

మన లారీల విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. టెల్కో 1954లో డైమ్లర్-బెంజ్‌తో పదిహేనేళ్ళ ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు చేయడం మొదలుపెట్టింది. 1969లో ఒప్పందం అయిపోయాక ముందున్న మూడు కొమ్మల నక్షత్రం పోయి 'టి' అక్షరం వచ్చింది. బండి మాత్రం రాత్రికి రాత్రి మారిపోలేదు. అప్పట్లో ఫ్యాక్టరీ గేటు దాటి వచ్చింది మనం లారీ అని పిలిచేది కాదు. ఛాసిస్, ఇంజన్, చక్రాలు, ముందు బానెట్, అంతే. క్యాబిన్ ఉండేది కాదు, తొట్టి ఉండేది కాదు. అద్దాలు, తలుపులు లేని ఆ అస్థిపంజరాన్ని తలకి గుడ్డ చుట్టుకున్న డ్రైవర్ ఎండలో, దుమ్ములో వందల మైళ్ళు తోలుకొచ్చేవాడు. తర్వాత విజయవాడ ఆటోనగర్ లాంటి చోట వడ్రంగి, వెల్డర్, పెయింటర్ కలిసి దాన్ని లారీ చేసేవాళ్ళు. అంటే 'కంపెనీ నుంచి వచ్చినట్టుగా' ఉండే పూర్తి లారీ ఎప్పుడూ లేదు. ఒరిజినల్‌కి తీసుకెళ్తాం అనే రెస్టోరేషన్ వాళ్ళని నేను ఇదే అడుగుతుంటాను, ఏ రోజుకి తీసుకెళ్తారు? జంషెడ్‌పూర్ గేటు రోజుకా, ఆటోనగర్‌లో కొబ్బరికాయ కొట్టిన రోజుకా?

మన చట్టం ఈ చిక్కుని చాలా తేలిగ్గా దాటేసింది. 2021లో వింటేజ్ వాహనాలకి కొత్త నియమాలు వచ్చాయి. యాభై ఏళ్ళు దాటాలి, అసలు రూపం చెడకూడదు, ఛాసిస్‌నో బాడీనో ఇంజన్‌నో మార్చి ఉండకూడదు. అలాంటివాటికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేకమైన నంబర్ ప్లేటు ఇస్తారు. బైకులకీ కార్లకీ మాత్రమే. లారీ ఆ నిర్వచనంలోనే లేదు. మొదట కోపమొచ్చింది గానీ, ఆలోచిస్తే న్యాయమే అనిపించింది. మహారాజా వారి కారు షెడ్డులో ముసుగేసుకుని యాభై ఏళ్ళు ఉండగలదు. మార్పు లేకుండా ఉండటమనేది పని చేయనవసరం లేని వస్తువులకి దక్కే సౌఖ్యం. లారీ అలా ఉంటే దాని ఓనర్ అప్పుల్లో మునిగిపోతాడు.

సరే, రూపాన్ని బట్టి గుర్తించలేం. మరెలా? లారీని గుర్తుపట్టడం నేర్చుకోవడమంటే చాలావరకు ఇనుము చదవడం నేర్చుకోవడమే. ఫ్యాక్టరీలో క్రాస్ మెంబర్లని లాంగ్ మెంబర్లకి రివెట్లతో బిగిస్తారు. ఎక్కడైనా రివెట్ బదులు బోల్టు కనిపిస్తే అక్కడ ఎవరో చేయి పెట్టారని అర్థం. వెల్డింగ్ గీత ఉంటే ఎందుకు వచ్చిందో అడగాలి, విరిగిందా, పొడవు పెంచారా? బానెట్ మీద నక్షత్రం ఉందని మురిసిపోకూడదు, అది సెకండ్‌హ్యాండ్ సామాన్ల కొట్లో దొరుకుతుంది. 1210 అని రాసి ఉంటే పన్నెండు టన్నుల మొత్తం బరువు, సుమారు వంద హార్స్ పవర్ అని లెక్క, కానీ ఆ అంకెల బిళ్ళ కూడా నాలుగు మరలతో మారిపోయేదే. ఛాసిస్ నంబర్‌ని కంటితో చూసి వదలకూడదు. తుప్పు గీకి, కాగితం పెట్టి, దాని మీద పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసుకోవాలి. చూపుకి కనపడనివి ఆ కాగితం మీద కనపడతాయి. అంకెల మధ్య ఎడం సమానంగా ఉందా, ఒక అంకె మిగతావాటికంటే లోతుగా ఉందా, చుట్టూ ఇనుము పల్చబడిందా. అరవైల నాటి బండి మీద ఈ కాలపు పదిహేడు అక్షరాల నంబర్ కనిపిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు, దణ్ణం పెట్టి వచ్చేయొచ్చు.

నంబర్‌ని అరగదీసినా అది పూర్తిగా పోదు. ఉలి దెబ్బ పడినప్పుడు అంకె కింద ఉన్న లోహం కూడా నలుగుతుంది, పైపొర తీసేసినా ఆ నలుగుడు మిగులుతుంది. తగిన యాసిడ్ పూస్తే నలిగిన చోటు, నలగని చోటు వేర్వేరుగా తినేయబడి, పోయిందనుకున్న అంకె నీడలా పైకి తేలుతుంది. ఫోరెన్సిక్ ల్యాబుల్లో దొంగ వాహనాలకి చేసేది ఇదే. ఇంజనీరింగ్‌లో మెటలర్జీ పేపర్ ఎలాగో గట్టెక్కినవాడినే గానీ, అప్పుడెవరైనా ఈ సంగతి చెప్పుంటే శ్రద్ధగా చదివేవాణ్ణి.

అసలు చిక్కు మా తిరుగుళ్ళలో ఆరో నెలలో వచ్చింది. ఒకచోట ఒక బండి దొరికింది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, ఆర్‌సీ ఉంది, పాత ఓనర్ ఉన్నాడు. కానీ లాంగ్ మెంబర్ వెనక భాగంలో పగుళ్ళు, తుప్పు. అక్కడికి కొంచెం దూరంలోనే ఇంకో ఛాసిస్, అదే మోడల్, ఇనుము గట్టిగా ఉంది. దానికి కాగితాల్లేవు. మేస్త్రి చాలా మామూలుగా అన్నాడు. "దీని నంబర్ దాని మీద కొట్టిద్దాం సార్. ఇంజన్ మార్చాం, గేర్ బాక్స్ మార్చాం, ఛాసిస్ కూడా ఒక పార్టేగా?"

నేరమని తెలుసు. ఒద్దన్నాం. కానీ ఆయన వాదన మాత్రం నన్ను వదల్లేదు, ఎందుకంటే అది నాగసేనుడి వాదనే. ఏ భాగమూ లారీ కాదన్నప్పుడు, ఆ జానెడు ఇనుప ముక్కలో మాత్రం ఏ ఆత్మ ఉంది? చట్టం ఒద్దంది కాబట్టి తప్పు అనేది సమాధానం కాదు, చట్టం ఎందుకు ఒద్దందో చెప్పాలి కదా.

హాబ్స్ 'డి కార్పొరె'లో థీసియస్ ఓడకి ఒక మెలిక పెట్టాడు. తీసేసిన పాత చెక్కలన్నీ ఒకడు పోగుచేసి, అదే వరసలో మళ్ళీ ఓడ కట్టాడనుకోండి. ఇప్పుడు రెండు ఓడలు. ఏది థీసియస్‌ది? అప్పటిదాకా 'నెమ్మదిగా మారితే అదే ఓడ' అని ధైర్యంగా చెప్పినవాళ్ళు ఇక్కడ తడబడతారు. మేస్త్రి సలహాలో ఉన్న తేడా నాకు ఈ మెలిక దగ్గరే తెలిసింది. బేరింగ్ మార్చినప్పుడు ఒక లారీ చరిత్ర కొనసాగుతుంది, ఇంకే లారీ చరిత్రా చెరిగిపోదు. నంబర్ మార్చినప్పుడు రెండు చరిత్రలున్నచోట ఒకటే మిగులుతుంది. కాగితాల్లేని ఆ ఛాసిస్ కూడా ఎవరిదో. ఎందుకు కాగితాల్లేవు? ఎవరి ఇంటి ముందు నుంచో పోయిందేమో. రోడ్డు మీద ఎవరినో గుద్ది, ఆ కుటుంబం ఇంకా కోర్టు చుట్టూ తిరుగుతోందేమో. మాకు తెలీదు. తెలుసుకునే దారి ఆ జానెడు ఇనుము మీదే ఉంది, మేము అరగదీయబోయేది సరిగ్గా దాన్నే.

నంబర్ లారీని వర్ణించదు. అందులో ఆత్మ లేదు, నాగసేనుడు చెప్పింది నిజమే. అది ఓనర్ కోసం ఉన్నదీ కాదు, ఓనర్‌కి తన బండి చీకట్లో హారన్ విన్నా తెలుస్తుంది. నంబర్ ఉన్నది ఓనర్ కానివాళ్ళ కోసం. ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి 'నన్ను గుద్దింది ఇదే', 'నేను పోగొట్టుకున్నది ఇదే' అనగలగడం కోసం. మా డేటాబేసుల్లో ప్రైమరీ కీ అనేది ఇలాంటిదే. దానికి సొంత అర్థం ఏమీ ఉండదు. మార్చేస్తే ఆ వరస బాగానే ఉంటుంది, దాన్ని నమ్ముకుని వేలాడుతున్న మిగతా టేబుళ్ళు దిక్కులేనివవుతాయి. మనుషుల గురించి జాన్ లాక్ ఇదే అన్నాడు, 'వ్యక్తి' అనేది న్యాయవిచారణకి సంబంధించిన మాట అని. చేసినదానికి జవాబు చెప్పాల్సినవాడు ఎవడు అన్న ప్రశ్న లేకపోతే, వాడే వీడా అన్న పట్టింపు కూడా అంతగా ఉండేది కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని తోసేయలేను. పర్మిట్ల కాలంలో లారీ కంటే కాగితం విలువైనది. ఒకే బండి మీద బతికే డ్రైవర్-ఓనర్‌కి ఫ్రేమ్ విరిగితే, వేరే ఫ్రేమ్ వేసి పాత నంబర్ కొట్టించుకుని మర్నాడు లోడుకి వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు. ఆటోనగర్‌లో పెద్దవాళ్ళు దాచకుండానే చెప్తారు. అతన్నీ, దొంగబండికి పేరు మార్చి అమ్మేవాణ్ణీ ఒకే తక్కెడలో పెట్టలేను. మేమిద్దరం ఆ మొదటివాడి అవసరం చూపించి రెండోవాడి పని చేయకూడదు, అంతవరకు చెప్పగలను. మాకు ఆకలి లేదు, శనివారాలు ఖాళీ, అంతే.

పూరీలో జగన్నాథుడి రథం నందిఘోషని ఏటేటా కొత్త కలపతో కడతారు. నిరుటి కలప ఇందులో ఉండదు. అయినా ఎవరూ నంబర్ అడగరు. కలప ఎక్కడిదో, ఏ చేతులు కట్టాయో ఊరంతా చూస్తూనే ఉంటుంది కాబట్టి అక్కడ సాక్ష్యం వేరే అక్కర్లేదు. నవకళేబరంలో మాత్రం లెక్క వేరు. విగ్రహాలే మారతాయి కాబట్టి, పాత దారువు లోపలి బ్రహ్మపదార్థాన్ని కళ్ళకి గంతలు కట్టుకుని కొత్తదాంట్లోకి మారుస్తారు. చిత్రంగా ఇప్పటి స్క్రాపింగ్ నియమాల్లో కూడా, లారీని తుక్కు చేసేముందు ఛాసిస్ నంబర్ ఉన్న ముక్కని కోసి విడిగా భద్రపరుస్తారు. దాన్ని మాత్రం ఇంకో బండిలోకి ఎక్కించకుండా ఉండటానికి.

మేము ఇప్పుడు బేరమాడుతున్నది మూడో బండి. క్యాబిన్ మీద ఇద్దరు కూతుళ్ళ పేర్లు రాయించిన పెద్దాయనది. నా స్నేహితుడికి ఆ క్యాబిన్ తీసేసి, అరవైల ఫొటోలు చూసి కొత్తది కట్టించాలని ఉంది. నాకు ఆ బోల్టులు, అతుకులు, ఆ పేర్లు అన్నీ ఉంచాలని ఉంది, వేరే బండి నుంచి వచ్చిన ప్రతి భాగాన్నీ ఒక పుస్తకంలో రాసిపెట్టి. అది తేలలేదు. తేలనిది ఇంకొకటుంది. ఆర్‌సీలో చివరి అంకె 3. పెన్సిల్ ప్రింట్‌లో 3 లానూ ఉంది, 8 లానూ ఉంది. తనిఖీకి ఆర్‌టీఓ ఆఫీసులో అర్జీ పెట్టాం. అది తేలేదాకా డబ్బు ఇవ్వమని చెప్పాం, ఆయన ఏమీ అనుకోలేదు.

"మూడే బాబూ" అన్నాడు. "ఇంజన్ దించినప్పుడు నేనున్నా, గేర్ బాక్స్ మార్చినప్పుడు నేనున్నా, క్యాబిన్ కట్టినప్పుడు నెల రోజులు ఆ షెడ్లోనే పడుకున్నా. ఇది వేరే బండెట్లా అవుద్ది?"

ఆయన ఆదివారం ఆదివారం వచ్చి, స్టార్ట్ చేసి, పది నిమిషాలు ఆడనిచ్చి వెళ్తాడు. తనిఖీ తేదీ ఇంకా రాలేదు.