ఇంటిలోనికి వచ్చిన కావలివాడు

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 24:10, 11, 1 సమూయేలు 1:9-18



మన పిల్లలలో కొందరు ఇప్పుడు ఇంటనే కూర్చుండి కాలేజీ పరీక్షలు వ్రాయుచున్నారు. 2020వ సంవత్సరమున కోవిడ్ వ్యాధి వలన కాలేజీలు మూతపడినప్పుడు ఈ పద్ధతి విరివిగా వ్యాపించెను. హాలులో ఇన్విజిలేటరు తిరుగుటకు బదులుగా ఇంటిలో కంప్యూటరు కెమెరాయే కాపలా కాయును. విద్యార్థి తన ముఖమును, గుర్తింపు కార్డును చూపవలెను. కొన్ని పరీక్షలలో కెమెరాను గది నాలుగు మూలలకు త్రిప్పి చూపవలెను. తల ప్రక్కకు తిరిగినను, మరియొక ముఖము కనబడినను, మాట వినబడినను సాఫ్ట్‌వేరు అనుమానమని గుర్తు పెట్టును. ఆ దృశ్యములు, శబ్దములు రికార్డు చేయబడి భద్రపరచబడును.

మన భీమునిపట్నపు తీరమందలి జాలరిపల్లెలలో ఒంటిగది యింటిని తలంచుడి. వంటయు అక్కడనే, పడకయు అక్కడనే, రోగియైన తాత మంచమును అక్కడనే. మేడలో చదువు గది వేరుగా గలవాని కెమెరాకు గోడ మాత్రమే కనబడును. బీదవాని కెమెరాకు సంసారమంతయు కనబడును. “తప్పు చేయనివానికి భయమెందుకు?” అని కొందరందురు. అయితే మనుష్యుడు మరుగుపరచునదంతయు పాపము కాదు. లేమిని, వ్యాధిని, కుటుంబ దుఃఖమును కూడ మనము మరుగుపరచుకొందుము.

ధర్మశాస్త్రములో దీనికి తగిన ఆజ్ఞ యొకటి కలదు. అప్పిచ్చినవాడు తాకట్టు కొరకు పొరుగువాని యింట ప్రవేశింపరాదు, వెలుపల ఆగవలెను, ఋణస్థుడే దానిని బయటికి తెచ్చి యియ్యవలెను. తాకట్టు అడుగు హక్కు లేదని దేవుడు చెప్పలేదు. ఆ హక్కు గడప దాటరాదని మాత్రమే చెప్పెను. పరీక్ష పెట్టువారి హక్కును ఇట్టిదే. కాపీ జరుగకుండ చూచుట వారి ధర్మము. గాని ఇంటిలో ఏమున్నది, ఏమి లేదు అని చూచు అధికారము ఆ ధర్మముతో పాటు రాదు.

లోకపు న్యాయస్థానములును ఈ గడపను గుర్తించినవి. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పిరి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, పరీక్షకు ముందు విద్యార్థి పడకగదిని కెమెరాతో చూపించుట రాజ్యాంగ విరుద్ధమైన సోదా అని 2022 ఆగస్టులో ఫెడరల్ న్యాయమూర్తి తీర్పిచ్చెను. 2020 సెప్టెంబరు 12న బెంగుళూరు జాతీయ లా విశ్వవిద్యాలయము ఇంటినుండి వ్రాయు ప్రవేశ పరీక్ష పెట్టగా, సుప్రీంకోర్టు అదే నెల 21న దానిని కొట్టివేసెను. మన సబ్బవరమందలి లా విశ్వవిద్యాలయమునకు కూడ చెందిన ఉమ్మడి పరీక్ష 28న కేంద్రములలోనే జరిగెను.

ఇక తీర్పు సంగతి. షిలోహులో హన్నా మౌనముగా ప్రార్థించెను. పెదవులు కదలినవి గాని స్వరము రాలేదు. ఏలీ చూచి, ఆమె త్రాగియున్నదని తలంచెను. అతని కన్ను చూచినది నిజమే, అతడు చేసిన తీర్పు తప్పు. జవాబు తోచక పైకప్పు వైపు చూచు పిల్లవాడును, పెదవులు కదలించుచు ప్రశ్న చదువుకొను పిల్లయు యంత్రపు కంటికి అట్లే అనుమానాస్పదులగుదురు. అయితే ఏలీ ఆమె చెప్పిన జవాబు వినెను, విని దీవించి పంపెను. యంత్రము గుర్తు పెట్టిన తరువాత ఒక మనుష్యుడు ఆ బిడ్డను పిలిచి విచారించువరకు ఎవరును శిక్ష విధింపరాదు.

“దేవుడు సమస్తము చూచుచున్నాడు గదా, మనుష్యులు చూచిన నేమి?” అని అడుగుదురేమో. దేవుడు హృదయమును చూచును. యంత్రము పైరూపమునే చూచును. మరియు ఏదెనులో దాగిన ఆదామును వెదకిన దేవుడే వారికి చర్మపు వస్త్రములు తొడిగించెను. మన సిగ్గును చూచినవాడే దానిని కప్పెను. అట్టి ప్రేమ యెరుగని చూపునకు హద్దు ఉండవలెను.

యౌవనులారా, గోప్యత దొంగతనమునకు ముసుగు కారాదు. కెమెరా లేనిచోటను నిజాయితీగా వ్రాయుడి. తలిదండ్రులారా, ఈ రికార్డును ఎవరు చూతురు, ఎంతకాలము ఉంచుదురు, కేంద్రములో వ్రాయు వీలు కలదా అని కాలేజీవారిని మర్యాదగా అడుగుడి. అవసరమైన మేరకే వ్యక్తుల సమాచారము సేకరింపవలెనని 2023లో మన పార్లమెంటు చేసిన చట్టము చెప్పుచున్నది గనుక అడుగుటకు జంకవద్దు. సంఘ పెద్దలారా, పరీక్ష దినమున ఇంట చోటు లేని బిడ్డకు మందిరపు ప్రక్కనున్న సండేస్కూలు గదిని తెరచి యియ్యుడి. బల్లయు, కుర్చీయు, తెల్లని గోడయు చాలును.

మనలను ఎరిగియు ప్రేమించు ప్రభువు మన బిడ్డలకు యథార్థ హృదయమును, వారిని పరీక్షించువారికి కనికరమును దయచేయును గాక. ఆమేన్.