సూరత్ రేవుకు చేరిన వీనస్

కళాఖండం అర్థానికి బాధ్యత ఎవరిది? చిత్రించినవానిదా, చూచినవానిదా, లేక ఒక దేశం నుంచి మరొక దేశానికి పంపినవానిదా? సూరత్ రేవుతో ముడిపడిన ఒక చిన్న చారిత్రక ఘట్టం ఈ ప్రశ్నను మన ముందుంచుతున్నది.

ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ రాయబారిగా సర్ థామస్ రో 1615 సెప్టెంబరులో సూరత్‌లో దిగాడు. ఈస్టిండియా కంపెనీ పంపిన వస్తువులు ఆ రేవు గుండానే మొగల్ దర్బారుకు చేరేవి. 1617లో జహంగీర్ చేతికి వచ్చిన వాటిలో ఒక చిత్రం ఉన్నది. అందులో వీనస్ దేవత, సగం మేక రూపంగల సాటిర్ అనే వనచరుణ్ణి ముక్కు పట్టి నడిపిస్తున్నది. చిత్రకళా రసికుడైన చక్రవర్తి దానిని సభికులకు చూపి, సాటిర్ కొమ్ములను, నల్లని మేనిచాయను ఎత్తిచూపుతూ, భావమేమిటని అడిగాడు. తలా ఒక విధంగా చెప్పారు. అవేవీ సరికావన్నాడే గాని తన అభిప్రాయం బయటపెట్టలేదు. రోను అడుగగా, అది చిత్రకారుని కల్పనాచాతుర్యమని మాత్రం బదులిచ్చాడు. తెల్లని స్త్రీకి బందీ అయిన ఆ ప్రాణిలో చక్రవర్తి ఆసియావాసులకు జరిగిన పరిహాసాన్ని చూచాడని రో తన దినచర్యలో వ్రాసి, ఇకపై ఏమి పంపినా జాగ్రత్త వహించాలని కంపెనీని హెచ్చరించాడు.

ఐరోపా చిత్రకారునికి ఇటువంటి సంకోచం ఎందుకు కలగలేదు? రోమన్లకు వీనస్ పూజలందుకొన్న దేవత. జూలియస్ సీజర్ క్రీ.పూ. 46లో ఆమెకు ఆలయం అంకితం చేశాడు. క్రైస్తవం వ్యాపించిన తరువాత ఆ ఆరాధన అంతరించింది. 15వ శతాబ్దిలో బొత్తిచెల్లి ‘వీనస్ జననం’ చిత్రించేనాటికి ఆమెకు కవులున్నారు, పోషకులున్నారు, భక్తులు లేరు. మనసు నొచ్చుకొనేవారు లేనందున ఆమె సౌందర్యానికి, కాంక్షకు ప్రతీకగా మిగిలింది. పాశ్చాత్య కళాకారుని స్వేచ్ఛ వెనుక ఒక ఆరాధన అంతరించిన చరిత్ర ఉన్నది. నేటికీ ఇంటింటా దీపారాధన జరిగే లక్ష్మీ సరస్వతుల విషయంలో ఆ కొలమానం యథాతథంగా వర్తించదు.

అయితే జహంగీర్ వీనస్ భక్తుడు కాడు. ఆయన మనసు నొచ్చి ఉంటే అందుకు కారణం దేవత కాదు, ఆమె పక్కనున్న ప్రాణి. చూచేవాడు చిత్రంలో ముందుగా తనవారిని వెదకుకొంటాడు. పైగా ఆ అనుమానం మనకు చేరినది రో కలం ద్వారానే, చక్రవర్తి నోట కాదు. ఇతరుల మనసు నొచ్చిందని వారి తరఫున తీర్మానించడంలోనూ ప్రమాదం లేకపోలేదు.

జహంగీర్ అసంతృప్తి కనబరచక చిత్రాన్ని చుట్టి, కానుకగా స్వీకరించాడు. తీర్పుకు ముందు భావమడగడం చూచేవాని ధర్మం. ఎవరి కంటికి ఎలా కనబడునో యోచించడం పంపేవాని ధర్మం. మొదటిదానిని చక్రవర్తి పాటించాడు, రెండవదానిని రాయబారి ఆలస్యంగా గ్రహించాడు. కళాఖండాలు దేశాల నడుమ రాకపోకలు సాగించే నేటి కాలంలో ఈ రెండు ధర్మాలూ స్మరణీయాలు.