అక్క సంతకం

"యాడ పెట్టాలబ్బీ?" అనింది అక్క.

తాశీల్దారు ఆఫీసు ముందర, చెట్టు కింద, కాగితం మీద వేలు పెట్టి చూపించినాను. నాయన పేరుమీదుండే ఎకరన్నర డీకేటీ చేను నాకూ తమ్మునికీ రాస్తే ఆమెకు అభ్యంతరం లేదని ఆ కాగితం. అమ్మ నాయనకంటే ముందే పోయింది. అక్క ఒక్కో అక్షరం కూడబలుక్కుంటా పేరు రాసింది. ఒక ఒత్తు తప్పింది. రోజూ పిల్లోళ్ళ తప్పులు దిద్దే నా చెయ్యి లేచి, ఆగిపోయింది.

ఆ తప్పు ఎవరిది?

మాది జమ్మలమడుగు దగ్గర ఒక ఊరి మాదిగ్గేరి. అక్క నాకంటే ఐదేండ్లు పెద్దది. అమ్మ శెనిక్కాయలు పెరకను కూలికి పోతే నన్ను సంకనేసుకోడానికి రెండో తరగతిలోనే ఆమెను బడి మాన్పించినారు. కొంచెం పెద్దదైనాక ఆమే కూలికి పోయింది. నేను బడికి పోయినాను. రాత్రిపూట నా పలక మీద ఆమె తన పేరు రాయడం నేర్చుకునింది. పులివెందుల పక్క ఇచ్చినాక చీనీచెట్లకు పాదులు తీసింది. నేను బీఎడ్‌లో చేరేటప్పుడు చెవుల కమ్మలు తీసిచ్చింది. ప్రొద్దుటూరు బంగారంగట్లో వాటిని నేనే అమ్మినాను. 2014 డీఎస్సీలో పంతులునై, ఆ ప్రొద్దుటూర్లోనే ఇప్పుడు కాపురముంటాను. కమ్మలు మాత్రం తిరిగి చేయించలేదు.

తోడబుట్టినోళ్ళ మధ్య లెక్కలుండగూడదంటారు. నేనూ అన్నాను. ఈ మాట ఎప్పుడూ తీసుకున్నోడే అంటాడు. ఇచ్చినామె నోట ఇది నేనెప్పుడూ వినలేదు. ఆమెకు ఆ అవసరమే రాదు.

అంబేద్కర్ చదువుకునేటప్పుడు పుస్తకాలకు డబ్బుల్లేకపోతే తండ్రి రాంజీ, పెండ్లయిన కూతుళ్ళ దగ్గరికి పోయేవాడు. వాళ్ళ నగ తెచ్చి కుదవ పెట్టేవాడు. పెన్షను రాంగానే విడిపించి ఇచ్చేవాడు. ఆ అక్కల తమ్ముడు న్యాయశాఖ మంత్రయి, ఆడబిడ్డకు ఆస్తిలో హక్కు ఇచ్చే హిందూ కోడ్ బిల్లు కోసం కొట్లాడినాడు. దాన్ని సాగనీయకపోవడం 1951లో ఆయన రాజీనామాకు ఒక పెద్ద కారణం. 1956 వారసత్వ చట్టంతో తండ్రి సొంత ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానభాగం వచ్చింది. అయినా ఏప్రిల్ 14న ఆయన మెడలో దండేసిన చేత్తోనే నేను అక్క ముందర ఆ కాగితం పెట్టినాను. పెద్దకులాలోళ్ళు మన కష్టం ఉత్తపుణ్యానికి తిన్నారని సభల్లో మాట్లాడతాం. మనింట్లో ఆడబిడ్డ కష్టం తింటే దానికి ప్రేమ అని పేరు పెట్టినాం.

కాగితం ఆఫీసులో ఇయ్యలేదు. ముగ్గురి పేర్లతో అర్జీ పెడదామన్నాను. ముందు అక్కకే కోపమొచ్చింది. "ఆ అరెకరా నాకెందుకురా? రేపు తమ్ముడు గడప తొక్కనీకపోతే నాకు పుట్టిల్లు యాడిది?" అనింది.

అప్పుడర్థమైంది. ఆమె సంతకంలో ప్రేమ ఉంది. దాని పక్కనే భయమూ ఉంది. భాగం అడిగితే పుట్టిల్లు పోతుందని మన ఆడబిడ్డలందరికీ చిన్నప్పుడే నేర్పించినాం. సంతకం పెడితేనే తెరిచే తలుపును పుట్టిల్లని ఎట్లనేది?

తమ్ముడు ఊర్లోనే ఉండి ఆ చేను చేస్తాడు. "నెలజీతమొచ్చేటోనివి, నీతులు బాగానే చెప్తావు. నాకుండేది ఆ చేనే గదా" అన్నాడు. వాని మాట అబద్ధం కాదు. నా భాగం నువ్వే దున్నుకో, అక్క భాగం గురించి మాత్రం అక్కనే అడుగు అన్నాను. ఆరునెలలు నాతో మాట్లాడలేదు.

మొన్న సంక్రాంతికి అక్క ఒక సంచి చీనీకాయలు తీసుకోని వచ్చింది. తమ్ముడు తలెత్తకుండానే "రామ్మా" అన్నాడు. అర్జీ ఇంకా తేలలేదు. అక్క గడప దాటి లోపలికి పోయింది.

చదువుకుంటున్న తమ్ముల్లారా, మీ ఇంట్లో మీకోసం బడి మానింది ఎవరో ఒకసారి కనుక్కోండి. ఆమె ముందర కాగితం పెట్టకముందే కనుక్కోండి.