ఇద్దరుంటే నేరం

మా పెద్దమ్మ గుంటూరులో ముప్పై ఏళ్లు వకీలుగా చేసింది. ఆ సాయంత్రం వరండాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తనే మొదలుపెట్టింది.

"పడుపు వృత్తిని చట్టబద్ధం చేయాలంటున్నావట?"

"అవును పెద్దమ్మా. ఎలాగూ ఆగని పనిని చీకట్లో ఉంచి ఎవరికి మేలు? లైసెన్సులిస్తే వైద్యం అందుతుంది, మామూళ్లు తప్పుతాయి."

"లైసెన్సు ఎవరి చేతికొస్తుందే? ఇల్లున్నవాడికి, పెట్టుబడి ఉన్నవాడికి. జర్మనీ 2002లో దాన్ని చట్టబద్ధమైన పనిగా గుర్తించింది. ఉద్యోగాల్లో లాగా ఒప్పందాలు, బీమా వస్తాయనుకున్నారు. అలా ఒప్పందం రాసుకున్నవాళ్లు బహు కొద్దిమంది. పేరు నమోదు చేయించుకోవాలని 2017లో ఇంకో చట్టం తెచ్చారు. నలుగురికీ తెలిస్తే కూతురి పెళ్లి ఆగిపోతుందని భయపడే మనిషి ఏ ఆఫీసుకెళ్లి పేరు రాయించుకుంటుంది?"

"పోనీ, స్వీడన్ 1999లో చేసినట్టు ఆడవాళ్లను వదిలేసి, వాళ్ల దగ్గరికొచ్చే మగవాళ్లను శిక్షిద్దామా?"

"వినడానికి న్యాయంగానే ఉంది. కానీ పట్టుబడతానని వణికేవాడు వెలుతురున్న చోటికి రాడు. వాడు పిలిచిన చోటికి ఈమే వెళ్లాలి, ఒంటరిగా."

"మరి ఉన్న చట్టమే బాగుందంటావా?"

చేతిలో కాయ పళ్లెంలో పడేసింది.

"ఒక కేసు చెప్తాను విను. రెండు గదుల ఇల్లు. ఇద్దరు ఆడవాళ్లు కలిసి అద్దెకు తీసుకున్నారు. ఒకామె లోపల ఉంటే రెండో ఆమె వంటగదిలో మేలుకుని కూర్చునేది, కేక వినబడితే తలుపు బాదడానికి. వాళ్లకున్న రక్షణ అదొక్కటే. మన పీటా చట్టం ఒళ్లమ్ముకోవడాన్ని నేరమనదు. కానీ ఇద్దరు కలిసి సంపాదించుకునే చోటును వ్యభిచార గృహమంటుంది. ఇద్దరి మీదా కేసు పెట్టారు. 'ఒక్కదాన్నే ఉంటే చంపుతారు, ఇద్దరముంటే జైలంటారు. ఎట్లా బతకమంటారమ్మా?' అని అడిగింది పెద్దామె. నేనేం చెప్పను?"

నాకు కోల్‌కతా కేసు గుర్తొచ్చి చెప్పాను. 1999లో అక్కడ ఒక సెక్స్ వర్కర్‌ను కొట్టి చంపారు. ఆ కేసులోనే 2022 మేలో సుప్రీంకోర్టులో జస్టిస్ లావు నాగేశ్వరరావు ధర్మాసనం ఆదేశాలిచ్చింది. పోలీసులు వీళ్లను గౌరవంగా చూడాలి, తిట్టకూడదు, కొట్టకూడదు. రక్షణ గృహాల్లో ఇష్టం లేకుండా ఉంచిన మేజర్లైన స్త్రీలను విడుదల చేసే ఏర్పాటు చూడాలి. ఆధార్ కార్డులివ్వాలి.

"మంచి ఆదేశాలే. పీటా సెక్షన్లు మాత్రం ఉన్న చోటే ఉన్నాయి," అంది పెద్దమ్మ.

"న్యూజిలాండ్ 2003 చట్టం చూడు. ఎవరి సంపాదన వాళ్ల చేతిలోనే ఉంటే నలుగురి దాకా కలిసి పనిచేసుకోవచ్చు, లైసెన్సు అక్కర్లేదు. ఇష్టం లేదంటే ఎప్పుడైనా కాదనే హక్కుంది."

"ఆకలి ఒప్పించినదాన్ని ఇష్టమంటావా?"

"ఇటుక బట్టీలోకి దింపేదీ ఆకలే కదా పెద్దమ్మా. అక్కడ వెట్టి చేయించుకున్న యజమానిని పట్టుకుంటాం, ఇటుకలు మోసిన కూలి మీద కేసు పెట్టం. మైనర్లను దింపినవాణ్ణి, మోసగించి అమ్మేసినవాణ్ణి వదలకూడదు. వాడికీ, వంటగదిలో కాపలా కూర్చున్న మనిషికీ ఒకే చట్టమా?"

పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

"అయితే 'చట్టబద్ధం' అన్న మాట తీసెయ్. వ్యాపారానికి ముద్ర వేయమని అడక్కు. ఆమె పక్కన ఇంకో మనిషిని ఉండనివ్వమని అడుగు. అది నేనూ అడుగుతాను."

పళ్లెం పక్కన పెట్టి మళ్లీ అందుకుంది.

"ఆ పెద్దామెకు కొడుకున్నాడు. బెయిలు కాగితాలు వాడే తెచ్చేవాడు. ఆ ఏడే పద్దెనిమిది నిండాయి. ఆమె సంపాదన మీద బతికితే రెండేళ్ల దాకా జైలు. కలిసి ఒక ఇంట్లో ఉంటే చాలు, అలా బతకడం లేదని వాడే రుజువు చేసుకోవాలి. అందుకే వాణ్ణి కోర్టు మెట్లెక్కనివ్వలేదు. వేపచెట్టు కింద నిలబెట్టి, 'ఎవరడిగినా ఆమె నీకేమీ కాదని చెప్పరా' అన్నాను."