యోకెబెదు అందుకొన్న జీతము

ధ్యాన భాగము: నిర్గమకాండము 2:1–10



తల్లియైన స్త్రీ ఇంటిపట్టుననే ఉండవలెనా, పనికి పోవచ్చునా అను వాదము మన సంఘములలో వినబడుచున్నది. సత్యవేడు, వరదయ్యపాళెము ప్రాంతమున శ్రీసిటీ కర్మాగారములు వచ్చిన పిమ్మట, కంపెనీ బస్సు ఎక్కి పనికి పోవు స్త్రీలు మన పల్లెలలో అనేకులున్నారు. “పసిబిడ్డను అవ్వ ఒడిలో వేసి పోయెను, ఇదేమి తల్లి?” అని కొందరందురు. “ఆమె జీతము రానియెడల పొయ్యిలో పిల్లి లేచునా?” అని కొందరందురు. ప్రియులారా, మన మాటలను కొంచెము ప్రక్కనబెట్టి లేఖనమును విందము.

యోకెబెదు తన కుమారుని మూడు నెలలు దాచెను. ఇక దాచలేక జమ్ముపెట్టెలో పెట్టి ఏటియొడ్డున ఉంచెను. ఫరో కుమార్తె ఆ బిడ్డను చూచి, పాలిచ్చి పెంచుటకు ఒక దాదిని పిలిపించి, ఆమెకు జీతమిత్తునని చెప్పెను. ఆ దాది ఎవరు? కన్నతల్లియే! ఆమె తన బిడ్డను పెంచెను, జీతమును అందుకొనెను. లేఖనము ఆమెను ఇందుకై నిందింపలేదు. ఇంకొక సంగతి గమనింపుడి. పెట్టెకు దూరముగా నిలిచి కనిపెట్టినది అక్క. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11:23లో, విశ్వాసమునుబట్టి ఆ బిడ్డను దాచినవారు తల్లిదండ్రులని ఉన్నది. తల్లి ఒక్కతెయే అని లేదు. ఒక్క మోషే బ్రదుకుటకు తల్లి, తండ్రి, అక్క, పరాయి స్త్రీ, ఇందరు కావలసివచ్చిరి.

మన అవ్వలు పని చేయనివారా? వేరుసెనగ చేలలో కలుపు తీసిరి, వరి నాట్లు వేసిరి, పాడి పశువులను మేపిరి. చెట్టుకొమ్మకు చీరతో ఉయ్యాల కట్టి బిడ్డను పండుకొనబెట్టిరి. అప్పుడు వారిని ఎవరును తప్పు పట్టలేదు. కూలికి పోయిన నాడు అడుగని మనము, జీతమునకు పోయిన నాడు అడుగుటేల? అయితే ఒక భేదము కలదు, దానిని దాచరాదు. చేనిలో బిడ్డ ఏడ్చిన తల్లికి వినబడును. కర్మాగారములో వినబడదు. కువైట్‌లో ఇంటిపనికి పోయిన తల్లికి సంవత్సరముల తరబడి ఆ బిడ్డ ముఖమే కనబడదు. కాబట్టి మనము అడుగవలసిన ప్రశ్న “తల్లి ఎక్కడ ఉన్నది?” అనునది కాదు, “బిడ్డయొద్ద ఎవరున్నారు?” అనునదియే.

తీతు 2:5లో యౌవన స్త్రీలు ఇంటిపనియందు శ్రద్ధగా ఉండవలెనని పౌలు బోధించెను గదా అని పెద్దలు అడుగుదురు. నిజమే, ఆ మాటను త్రోసివేయరాదు. అయితే అదే పౌలు కొరింథులో ప్రిస్కిల్ల, అకులలతో కూడ డేరాలు కుట్టెను (అపొ. కార్య. 18:3). ఊదారంగు పొడి అమ్మిన లూదియ ఇంట బస చేసెను (16:15). సామెతలు 31లోని గుణవతి పొలము కొనెను, నారబట్టలు అమ్మెను. ఆమె పిల్లలే లేచి ఆమెను ధన్యురాలనిరి. పౌలు ఖండించినది సోమరితనమును, ఇంటిని నిర్లక్ష్యపెట్టుటను, కష్టార్జితమును కాదు.

మన పొరుగుననున్న వేలూరును జ్ఞాపకము చేసికొనుడి. పురుష వైద్యుని రానీయక ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు ప్రసవవేదనలో మరణించుట ఐడా స్కడ్డరు హృదయమును మార్చెను. 1918లో ఆమె అక్కడ స్త్రీలకొరకు వైద్య పాఠశాల ప్రారంభించెను. స్త్రీలు గడప దాటి వైద్యము నేర్వకున్నచో, ఎందరు తల్లులు, ఎందరు బిడ్డలు నశించియుందురో!

తండ్రులారా, ఒక మాట వినుడి. భార్య జీతము తెచ్చునప్పుడు మీరు బిడ్డకు అన్నము కలిపి పెట్టుట అవమానము కాదు. ఆ జీతము సారాకొట్టు పాలు చేయుటయే అవమానము. అత్తలారా, రేయింబవళ్లు శ్రమపడి వచ్చిన కోడలిని మాటలతో పొడువకుడి. నయోమి రూతు బిడ్డను తన కౌగిట ఉంచుకొని దాది ఆయెను. పనికి పోవు సహోదరీ, ఇంట ఉన్న తల్లిని “ఊరక కూర్చున్నది” అనకుము; ఆమె పనికి జీతపు చీటీ లేదు, ప్రభువునొద్ద లెక్క ఉన్నది.

సంఘమా, నీ మాటేమి? 2005 నాటి ఉపాధి హామీ చట్టము పనిస్థలమున అయిదుగురు పసివారున్నచో కాపలాకు ఒక స్త్రీని కూలిచ్చి నియమింపవలెననెను. 2017లో చట్టమును సవరించి 26 వారముల ప్రసూతి సెలవును, 50 మంది పనిచేయు సంస్థలకు శిశు సంరక్షణ గదిని విధించిరి. లోకము ఇంత ఆలోచింపగా, మన ఆరాధన మందిరము వారమునకు ఆరు దినములు తాళము వేసి ఉండుట న్యాయమా? సాయంకాలము తలుపు తెరచి, తల్లి బస్సు దిగువరకు పిల్లలను చేర్చుకొని, పాఠము చదివించి, ప్రార్థన నేర్పుటకు ఇద్దరు అవ్వలును ఒక యౌవనస్థుడును చాలరా? తీర్పు తీర్చుట సులభము, కనిపెట్టియుండుట కష్టము. మిర్యాము ఏటియొడ్డున నిలిచి కనిపెట్టెను.

యోకెబెదును ఎరిగిన ప్రభువు, పొలములోను, కర్మాగారములోను, వంటయింటిలోను, దూరదేశములోను ఉన్న ప్రతి తల్లిని ఆదరించును గాక. ఆమె బిడ్డయొద్ద నిలుచుటకు మనలను లేపును గాక. ఆమేన్.